వరండాలో కంచాల వరుస

శంభుప్రసాదుకు మౌనదీక్ష కావాలి. ఆశ్రమంలో చేరి ఇన్నేళ్లయినా పెద్దస్వామి ఆ మాటే ఎత్తనివ్వడం లేదు. చివరికి ఒకనాడు, "సరే, ముందు మన బడిపిల్లల్ని ధ్యానమందిరం పక్క వరండాలోంచి భోజనశాలకి చప్పుడు లేకుండా తీసుకెళ్లు. అది కుదిరిననాడు దీక్ష ఇస్తాను" అన్నారు.

ఇదెంత పని అనుకున్నాడు శంభుప్రసాదు. పాపం, ఒకటో తరగతి పిల్లల సంగతి అతనికేం తెలుసు!

వాళ్లకి ఆకలి. చేతుల్లో స్టీలు కంచాలు. ఒకడు ముందువాడి చొక్కా లాగుతాడు, ఇంకొకత్తె గ్లాసుతో కంచం మీద దరువేస్తుంది. శంభుప్రసాదు పాంకోళ్లు టకటకలాడిస్తూ వరుస పొడవునా అటూ ఇటూ పరిగెత్తేవాడు. "మౌనం! మౌనం!" అని గొంతు చించుకునేవాడు. అదీ వినకపోతే ఎవరిదో కంచం లాక్కుని ఠంగుమనిపించేవాడు. లోపల ధ్యానంలో ఉన్న పెద్దవాళ్లు ఉలిక్కిపడి కళ్లు తెరిచేవారు.

"నావల్ల కాదు స్వామీ. వీళ్లు పిల్లలు కారు, పిడుగులు" అని ఓరోజు ఏడ్చినంత పని చేశాడు.

"ఇవాళ నేను తీసుకెళ్తాను. నువ్వు లోపల కూర్చుని విను."

శంభుప్రసాదు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. గురువుగారి పాట్లు వినాలని లోలోపల కాస్త సరదాగానే ఉంది. ఎంతసేపటికీ అలికిడి లేదు. ఇంకా బయల్దేరలేదేమో అనుకున్నాడు. కడుపు నకనకలాడింది. ఉండబట్టలేక భోజనశాలకి వెళ్లి చూస్తే, పిల్లలు మజ్జిగన్నం దాకా వచ్చేశారు.

"ఎప్పుడొచ్చారే?" అని నూకాలు అనే పిల్లని అడిగాడు.

"ఇందాకే స్వామీ. కంచాలు పొట్టకి అదుముకొని, మునేళ్ల మీద ఒచ్చీసినాం."

"పెద్దస్వామి భయపెట్టారా?"

నూకాలు తల అడ్డంగా ఊపింది. "ముందోడి సెవిలో సెప్పినారు. ఆడు ఎనకోడికి సెప్పినాడు. శంభుస్వామి ఇన్నాళ్లకి సల్లబడి కూకున్నారు, పాపం. అలికిడైతే మళ్లీ మొదలెట్టీగలరు, కదపొద్దని."

శంభుప్రసాదు ముఖం కందగడ్డయింది. తర్వాత నవ్వొచ్చింది. తనకోసం ఇంతమంది ఊపిరి బిగబట్టి నడిచారని తల్చుకునేసరికి కళ్లు చెమర్చాయి.

మర్నాడు అతను పాంకోళ్లు గదిలోనే వదిలేసి, ఓ కంచం పొట్టకి అదుముకుని, నూకాలు వెనక వరుసలో నిలబడ్డాడు. వరండా సగం దాటాక పెద్దస్వామి ఎదురయ్యారు.

"శంభూ, దీక్షకి ముహూర్తం చూడమంటావా?"

శంభుప్రసాదు కంగారుగా పెదవుల మీద వేలు పెట్టుకుని, ఊరుకోమని గురువుగారికి సైగ చేశాడు.