గడ్డి దాటని తల్లిపురుగు

పిల్లలూ, కంబగిరి అయ్యవారి కథ మీకెవరూ చెప్పి ఉండరు. మీరున్న చోట ఆయన్ని ఎరిగినవాళ్లు లేరు. పురుగుల శాస్త్రం చెప్పే ఆ పెద్దాయన, అడిగినదానికి వెంటనే జవాబిచ్చేవాడు కాదు. చూసి రమ్మనేవాడు.

ఆయన దగ్గర ఆర్నెల్లు నేర్చుకుందామని మాబున్ని అనే ఆమె, ఇద్దరు పిల్లల్ని డోన్‌లో అక్క దగ్గర వదిలి వచ్చింది. రెండో నెలకే ఆమె మనసు నిలవలేదు.

ఒక సాయంత్రం గడ్డిబీడులో నడుస్తుంటే ఎండుగడ్డి రంగు పురుగొకటి కాళ్ల దగ్గర లేచి, రెండడుగుల అవతల వాలింది. రెక్కలు ఒంటికి చుట్టుకుని, తలకిందులుగా, అదీ ఒక పోచలాగే ఉండిపోయింది. ముందుకు పొడుచుకొచ్చిన మూతిని బట్టి మాబున్ని అది గడ్డిలో పెరిగే పురుగని గుర్తుపట్టింది. సీసాలో పెడితే, మరునాటికి గుడ్లు దేనికీ అంటించకుండా ఊరికే రాల్చింది.

"బయటైతే ఎగురుతూనే రాలుస్తుంది," అన్నాడు అయ్యవారు.

"రెక్కలొచ్చి గుడ్లు పెట్టేదాన్ని రైతులు తల్లిపురుగంటారు. గుడ్లు ఎక్కడ పడ్డాయో కూడా చూసుకోనిది తల్లెట్లయితుంది, అయ్యోరా?" అంది మాబున్ని. సీసా పక్కన పెట్టి, "నాకీ చదువు చాలు. రేపు పిల్లల దగ్గరికి పోతా," అంది.

ఆయన వాదించలేదు. రెండు తెల్లపంచెలు చేతికిచ్చాడు. "ఒకటి గడ్డిలో, ఒకటి బండిదారి మీద పరుచు. పొద్దున చూసినాక పో."

"మీ పంచెలు మట్టి కొట్టుకపోతాయి."

"ఉతికిచ్చే పోదువులే."

ఆ మునిమాపు ఆమె అక్కడే కూర్చుంది. పురుగులు దారి అంచుదాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నాయి. తెల్లవారి చూస్తే గడ్డిలోని పంచె మీద రవ్వ నలకల్లాంటి గుడ్లు. దారి మీద పంచె ఖాళీ.

అయ్యవారు ఒక గడ్డిదుబ్బు మొదలు విడదీసి చూపించాడు. అంతకుముందెప్పుడో రాలిన గుడ్డులోంచి వచ్చిన లద్దెపురుగు, పట్టుగొట్టం అల్లుకుని, పక్కనున్న ఆకును లోపలికి లాక్కుని తింటోంది. అది అక్కడే గూడు కట్టి నిద్రపోతుంది, అక్కడే రెక్కలతో లేస్తుంది.

"కళ్లు తెరిచిన చోటే దానికి తిండుంది," అంది మాబున్ని.

"మీ అక్క నీ పిల్లల్ని ఎట్లా చూస్తుందమ్మా?"

"ముందు నా పిల్లలకు పెట్టి, తర్వాతే తన పిల్లలకు పెడుతుంది."

"అయితే ఆదివారం పోయి చూసి, సోమవారానికి వచ్చెయ్," అన్నాడాయన. "పాపం, ఈ పురుగుకు ఆ వీలు కూడా లేదు."

ఈ కథను మీ దగ్గరే ఉంచుకోకండి. పిల్లల్ని దూరాన పెట్టి, ముద్ద దిగక కూర్చున్నవాళ్లెవరైనా కనిపిస్తే చెప్పండి.