వెండి గిన్నె బహుమానం

పన్నులు పిండడంలో పేరుమోసిన ఓ రాజుగారికి ఒక ఏడాది ఎందుకో జాలి పుట్టింది. "ప్రజలు షావుకారు దగ్గర దాచుకున్న సొమ్ముకి వచ్చే వడ్డీ మీద పన్ను లేదు. కానీ మనిషి ఒక్క షావుకారు కొట్టులోనే దాచుకోవాలి!" అని చాటింపు వేయించాడు.

ఇంకేముంది! షావుకారు భుజంగం డప్పు కొట్టించాడు. "నా దగ్గర ఖాతా తెరిస్తే రెండు వరహాల వెండి గిన్నె ఉచితం!" జనం బారులు తీరారు. ఎదురుకొట్టు సాంబయ్య వడ్డీ ఎక్కువే ఇస్తాడు గానీ, చేతిలో పెట్టేది ఆకూవక్కే మరి!

బుట్టలల్లే నూకాలు ఎద్దు కొనడానికి కూడబెట్టిన పది వరహాలు కొంగున కట్టుకుని వచ్చింది. గిన్నె అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ భుజంగం చేతిలోనే పెట్టింది.

"గంజి తాగడానికి నాకు మట్టి ముంతుంది బాబూ. ఈ రెండు వరహాలూ నా ఖాతాలోనే వేసెయ్యి, పన్నెండవుతాయి."

భుజంగం గతుక్కుమన్నాడు. "అబ్బే, అలా కుదరదే!"

"ఏం, నీ వెండి నీకే పనికిరాదా?"

అప్పటికే గిన్నెలందుకున్నవాళ్లు కూడా "మావీ వేసుకోండి!" అంటూ ముందుకు తోసుకొచ్చారు. ఇరవై గిన్నెలు ఒక్కసారి చూసేసరికి షావుకారుకి ముచ్చెమటలు పట్టాయి. "ఒసేయ్, అది వెండి కాదే, పూత!" అని అరిచేశాడు.

నూకాలు కొంగుముడి బిగించింది. "గిన్నెకే పూత పూసినవాడివి, వడ్డీకి పూయవా బాబూ?" అంటూ ఎదురుకొట్టుకి నడిచింది. వెనకే వరసంతా కదిలింది.

పాపం సాంబయ్య! ఆ పూట వక్కలు చాలక బజారుకి పరిగెత్తాడు.