తెగని తోరణం

అనగనగా, మబ్బు కోసం మెడలు చాచే ఒక ఊళ్ళో సన్యాసయ్య అని తాళ్ళు పేనే తాత ఉండేవాడు. ఉత్త మొండివాడు బుజ్జీ. తూర్పంటే పడమర అనేవాడు. చెయ్యి మాత్రం బంగారం.

ఆ ఊరి పండగలన్నీ ఆయన తాళ్ళ మీదే నడిచేవి. అట్లతద్దికి ఆడపిల్లలు ఊగే ఉయ్యాల తాడు ఆయనదే. ఆ తర్వాత మాఘమాసం తీర్థంలో రథం లాగే మోకు ఆయనదే. ఆ తర్వాత ఏరువాక పున్నమికి ఊరి మొదట్లో కట్టే గోగునార తోరణమూ ఆయనదే.

ఉయ్యాల తాడు తెగకూడదు. రథం మోకు తెగకూడదు. తోరణం మాత్రం తెగాలి తల్లీ. రైతులు చెర్నాకోలలతో కొడితే తెగాలి, తలో పీచూ తీసుకెళ్ళి ఎద్దు మెడకి కట్టుకోవాలి. అప్పుడే నాగలి కదిలేది. అందుకే దాన్ని వదులుగా పేనాలి.

ఒక ఏడు తోరణం మొదటి దెబ్బకే తెగిపోయింది. "ఇది తాడా బావా, మెత్తటి పుల్లట్టా?" అన్నాడు ఆయన బావమరిది నూకయ్య. ఊరంతా నవ్వింది.

అందరూ ఆ మాట మర్చిపోయారు. సన్యాసయ్య మర్చిపోలేదు. మరుసటి ఏడు నార తడిపి, మూడు పేటలు వేసి, రథం మోకులా బిగించి పేనాడు.

అప్పుడు కుర్రాళ్ళు కొట్టారు, తెగలేదు. ఆ తర్వాత పెద్ద రైతులు కొట్టారు, తెగలేదు. ఆ తర్వాత నూకయ్య చెమటలు కారేలా కొట్టాడు. చెర్నాకోల కొస చిట్లింది గానీ తోరణం తెగలేదు. సన్యాసయ్య గట్టు మీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు.

పొద్దు వాలింది. అందరూ ఉత్త చేతులతో ఎడ్లని మళ్ళించుకుపోయారు. నూకయ్య మాత్రం దగ్గరికొచ్చాడు. ఆయన ఎద్దు మైలగాడు ముసలిదైపోయింది. ఈ ఏడు నాగలి లాగుతుందో లేదోనని ఆయనకి బెంగ.

"నువ్వే గెలిచావులే బావా. ఒక్క పీచు విప్పి ఇయ్యి, మైలగాడి మెడకి కట్టుకుంటాను."

"కొట్టి తెంపుకున్నవాడికే పీచు," అన్నాడు సన్యాసయ్య.

నూకయ్య చిట్లిన చెర్నాకోల భుజాన వేసుకున్నాడు. ఎద్దుని తోలుకుని వెళ్ళిపోయాడు.

ఏటా ఉయ్యాల కట్టడానికి చెయ్యి వేసే నూకయ్య, ఆ అట్లతద్దికి రాలేదు. ఆ తర్వాత తీర్థంలో మోకుకి ఆ చివర నిలబడ్డాడు. పలకరిద్దామని సన్యాసయ్యకి నోటిదాకా వచ్చింది. ముందు వాడే పలకరించాలి అనుకుని ఊరుకున్నాడు. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. వడదెబ్బ తగిలి నూకయ్య పోయాడు.

మళ్ళీ ఏరువాక వచ్చింది. ఈసారి సన్యాసయ్య తోరణాన్ని గాలికి ఊడిపోయేంత వదులుగా పేనాడు. మొదటి దెబ్బకే తెగింది. పుల్లట్టని ఎవరైనా అంటారేమోనని చెవులు రిక్కించాడు. ఎవరూ అనలేదు.

అప్పుడు గుప్పెడు పీచు ఏరుకుని నూకయ్య పశువుల పాకకి వెళ్ళాడు. మైలగాడు మెడ వంచి కట్టించుకుంది. ఆ తర్వాత ఆయన భుజం మీదుగా దారికేసి చూసింది, వెనకాల ఇంకొకరు వస్తున్నట్టు.

సన్యాసయ్య కూడా వెనక్కి తిరిగి చూశాడు.

తాడు తెగితే పండగ,
మాట తెగితే దండగ.
కథ వెళ్ళింది కంచికి,
నిద్దరొచ్చింది కంటికి.