ఇన్నాసమ్మ అడిగిన గంట

ఎప్పుడని మాత్రం అడక్కండి, అది మా తాతమ్మకే తెలీదు. కృష్ణ ఒడ్డున, మిరపచేల నడుమ ఒక ఊరు. ఊళ్లో ఒక క్రైస్తవుల గుడి, గుడి పక్కన కన్యాస్త్రీల మఠం, మఠంలో గిన్నెలు తోముకునే సిస్టర్ ఇన్నాసమ్మ.

గిన్నెలు తోమే సిస్టరే గానీ, పట్టు పట్టిందంటే విడిచే మనిషి కాదు. ఆ ఊళ్లో ఒక్క ఆడపిల్లకీ అక్షరం రాదు. పొద్దు పొడిస్తే అందరూ మర్రెడ్డిగారి చేలో కాయలు కోసేవాళ్లే. ఇన్నాసమ్మ వెళ్లి అడిగింది.

"మర్రెడ్డిగారూ, రోజుకో గంట పిల్లల్ని నాకు వదలండి. చదువు చెప్పుకుంటాను."

మర్రెడ్డి చెడ్డవాడేం కాదు, ఉత్త పిసినారి. ఊరంతా వింటుండగా నవ్వాడు.

"గంటేగా సిస్టరమ్మా? అట్టాగే. మధ్యాహ్నం గుడి గంట మోగినంతసేపూ పిల్లలు మీవాళ్లే. ఆగిందా, చేలో ఉండాల. ఇది నా మాట."

మధ్యాహ్నం జపానికి కొట్టేది తొమ్మిది దెబ్బలు. అందులో ఏం చదువొస్తుంది? జనం కూడా నవ్వారు. ఇన్నాసమ్మ దండం పెట్టి వచ్చేసింది.

మర్నాడు గంట తాడు తనే పట్టుకుంది. గోడ మీద బొగ్గుతో 'అ' రాసి, పిల్లల చేత పలికించింది. ఢంగుమంటే "అ". మళ్లీ ఢంగుమంటే "అ". తొమ్మిది దెబ్బలైనా ఆపలేదు. నిండా గంటసేపు లాగింది. మర్రెడ్డి పళ్లు నూరాడు. ఏం లాభం, ఇచ్చిన మాట ఊరంతా విన్నది.

రెండోనాడు 'ఆ'. ఢంగుమంటే "ఆ". అరచేతులు బొబ్బలెక్కాయి. ఆపలేదు.

మూడోనాడు 'ఇ'. బొబ్బలు చితికి తాడు ఎర్రబడింది. సగంలో పట్టు జారింది. గంట ఆగింది. పిల్లలు తలలు వంచుకుని చేనుదారి పట్టారు. ఇన్నాసమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది.

అంతలో ఢంగుమంది.

తాడు పట్టుకున్నది మర్రెడ్డి భార్య తెరేజమ్మ.

"ఏందే, నువ్వా?" అన్నాడు మర్రెడ్డి, పరుగున వచ్చి.

"నేనే. కాయలు యాడికీ పోవు. సిస్టరమ్మా, నేను లాగుతా, మీరు చెప్పండి. నాకూ వినపడేట్టు కాస్త గట్టిగా చెప్పండి."

మర్రెడ్డి దారి వదిలాడు, పిల్లలు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. నాలుగోనాటికి తాడు దగ్గర తల్లులు వరస కట్టారు. ఆ గంటసేపు చదువే బడి అయింది. దాన్ని చూసి చుట్టుపక్కల ఊళ్లూ ఆడపిల్లలకు బళ్లు పెట్టుకున్నాయి.

ఇన్నాసమ్మ పోయినప్పుడు సమాధి మీద పేరు రాసింది తెరేజమ్మే. అక్షరాలు వంకరపోయాయి. ఎవరూ దిద్దలేదు.

ఇప్పటికీ బడి తెరిచే రోజున అక్కడ తల్లులే గంట కొడతారు. ఒకరి చేతిలోంచి ఒకరు తాడు అందుకుంటారు. ఊళ్లో ఆఖరి ఆడపిల్ల వచ్చి కూర్చునేదాకా ఆపరు.