కొత్త సున్నం వేసిన గోడ

చావు ఇంటి గుమ్మం దాకా వచ్చి నిలబడితే, చావు మీద నవ్వే సినిమాకి తెలుగు చెప్పడం ఎలాగ? మా చిన్నమామయ్య చిదంబరాన్ని ఆ ఆదివారం పట్టుకున్న భయం అది.

మామయ్య గురువు గఫూర్ మాస్టారు. కాకినాడలో ఫిల్మ్ సొసైటీ నడిపేవారు. ఒక స్కూలు హాల్లో తెర కట్టి, సాయంత్రాలు దేశదేశాల సినిమాలు వేసేవారు. ఆ భాషలు మనకి రావు కనక, ఒకరు తెర పక్కన కూర్చుని మైకులో తెలుగు చెప్పాలి. ఆ పని మామయ్యకి నేర్పింది ఆయనే.

ఆ ఏడు మాస్టారు అన్నీ డార్క్ కామెడీలే, చావు మీదా బాధ మీదా నవ్వించే సినిమాలే ఎంచారు. ఇంగ్లండువాళ్ళు తీసిన ఉరికంబం కథ ఒకటి. యుద్ధం అయ్యాక జపానువాళ్ళు తీసిన ఆకలి కథ ఒకటి. జనం కడుపుబ్బ నవ్వేవారు. మామయ్యకి నవ్వు వచ్చేది, వెంటనే గుండెలో రాయి పడేది.

"ఇంత ఘోరం చూసి నవ్వితే పాపం కాదా మాస్టారూ?"

"చూస్తూ ఉండు" అనేవారాయన. అంతకు మించి చెప్పేవారు కాదు.

ఆ రోజుల్లోనే మా అమ్మమ్మ వర్ధనమ్మకి జబ్బు చేసింది. కడుపులో పుండు అని ఆవిడకి చెప్పారు. పుండు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అసలు పేరు ఎవరూ పలకరు. వంటింట్లో గుసగుసలాడుతున్నవాళ్ళు ఆవిడ అడుగుల చప్పుడు వినగానే వంకాయలు పుచ్చులొచ్చాయని మాట్లాడేవారు. అమ్మమ్మ మాత్రం విష్ణు సహస్రనామం చదువుకుంటూ, అందరికన్నా మామూలుగా తిరిగేది.

ఆ ఆదివారం హంగరీ సినిమా. మామయ్య మైకు సరిచూసుకుంటూ తలెత్తేసరికి, మా అమ్మ భుజం పట్టుకుని అమ్మమ్మ హాల్లోకి వస్తోంది. నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"ఏం, రాకూడదా? ఊరందరికీ కథలు చెప్తావు. కన్నతల్లికి చెప్పవా?"

మామయ్య ప్రొజెక్టరు దగ్గరికి పరుగెత్తాడు. "మాస్టారూ, ఇవాళ ఆపేయండి. కరెంటు లేదని చెప్దాం. మా అమ్మ వచ్చింది. ఇందులో శవపేటిక ఉంది కదా. అది చూస్తే అమ్మ..."

"చూస్తే?"

మామయ్య తల్లి కూర్చున్న ముందు వరస వైపు చూశాడు.

మాస్టారు రీలు ఎక్కించడం పూర్తి చేశారు. మెల్లిగా నడిచి తెర పక్కకి వచ్చారు. తెర వైపు ఉన్న మామయ్య కుర్చీని ఎత్తి, జనం వైపు తిప్పి వేశారు.

"సినిమా నీకు కంఠతా వచ్చుగా. ఇవాళ వీళ్ళని చూస్తూ చెప్పు."

"ఎదురుగా అమ్మ ఉంది మాస్టారూ."

"అవును" అని ఆయన వెళ్ళిపోయారు.

దీపాలు ఆరాయి. తెర వెలుగు మనుషుల ముఖాల మీద పడుతూ పోతూ ఉంది. వీపు వెనక ఏం జరుగుతోందో మామయ్య చప్పుళ్ళని బట్టి పోల్చుకుంటూ చెప్తున్నాడు. పెద్దాయన పోయాడు. కొడుకులు పెట్టె తెచ్చారు. మేడ మీంచి దింపుతున్నారు. మెట్ల మలుపులో పెట్టె ఇరుక్కుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

హాలు బిగుసుకుపోయింది.

అప్పుడు చూశాడు మామయ్య. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. కుర్చీ చెయ్యి పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. ఇంట్లో ఏ పూటా, ఎవరికీ చూపించని ముఖం అది.

మామయ్య చెప్పడం ఆపేశాడు. వెనక తెర మీద ముసలి ఇల్లాలు మేడ మీంచి కేకేసింది. ఆ కేక ఏమిటో హాల్లో ఒక్క మామయ్యకే తెలుసు. జనం తెలుగు కోసం చూస్తున్నారు. అమ్మమ్మ కొడుకు వంక చూస్తోంది.

లేచి పారిపోదామనుకున్నాడట. కానీ ఏ దేవుడు పలికించాడో, మైకు పట్టుకుని అనేశాడు.

"మెల్లిగా నాయనా, మెల్లిగా! గోడకి నిన్నే సున్నం వేయించాం!"



అందరికంటే ముందు నవ్వింది మా అమ్మమ్మే. కొంగు జారిపోయింది. పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. ఆవిడ వెనక హాలంతా నవ్వింది. మామయ్య ఆ ముఖం మీంచి చూపు తిప్పుకోలేదు. నవ్వుతున్నంతసేపూ ఆ వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

ఆట అయ్యాక గేటు దగ్గర రిక్షా ఎక్కుతూ అమ్మమ్మ అంది.

"ఒరే చిదంబరం, మన మేడ మెట్లూ అంతేరా. నన్ను ముందే కిందగదిలోకి మార్చెయ్యండి."

"దీపాలవేళ అవేం మాటలమ్మా!" అని మా అమ్మ కసిరింది.

మామయ్య కూడా అదే అనబోయాడు. అనలేదు. రిక్షా పక్కన నిలబడి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"భయంగా ఉందా అమ్మా?"

అమ్మమ్మ రెండో చెయ్యి అతని చెయ్యి మీద వేసింది.

"ఉందిరా. రాత్రిళ్ళు మరీను. మీరంతా పుండు, పుండు అంటుంటే ఎవరితో చెప్పుకోను?"

మామయ్య ఎక్కి ఆవిడ పక్కన కూర్చున్నాడు. మా అమ్మ కొంగుతో ముఖం కప్పుకుని వాళ్ళ కాళ్ళ దగ్గర ఒదిగి కూర్చుంది.

గఫూర్ మాస్టారు గేటు దాకా వచ్చారు. రిక్షా తొక్కే అతని భుజం మీద చెయ్యి వేశారు.

"మెల్లిగా తొక్కవయ్యా. వాళ్ళు మాట్లాడుకోవాలి."