పేర్లకోన ఊటమ్మ

పేర్లకోనకు వచ్చే భక్తులకు ముందే ఒక మాట. ఇక్కడి ఊటమ్మకు కొబ్బరికాయ కొట్టరు, చీర పెట్టరు. గర్భగుడి లేదు, విగ్రహమూ లేదు. రెండు బండల నడుమ, మండు వేసవిలోనూ ఆగని చేతిమందం నీటిధారే అమ్మవారు. దోసిలి పట్టేముందు కోనలో ఒక చెట్టునో పిట్టనో చూపి దాని పేరు చెప్పాలి. అదే నైవేద్యం.

పూర్వం ఈ కోన కింది పల్లెలో మాళమ్మ అనే గొర్రెలకాపరి ఉండేది. ఆమె అవ్వ కాలంలో కొండమీది ప్రతి పొదకూ ఒక పేరుండేది. తరువాత దిగువన సున్నపుబట్టీలు వెలిశాయి. బట్టీకి ఏ కట్టె అయినా ఒకటే. కొట్టేవాళ్ళు అన్నిటినీ కలిపి 'కంప' అన్నారు. పల్లెకూ ఆ మాటే అలవాటైంది. కంప పోతే ఎవరికి బాధ? పదేళ్ళలో కొండ బోడి అయింది, వానలు మొహం చాటేశాయి. ఒక చైత్రంలో ఊట ఆగిపోయింది. మాళమ్మ మందలో రోజుకొక గొర్రె కూలిపోసాగింది.

మిట్టమధ్యాహ్నం ఎండిన ఊట దగ్గర మందను నిలిపి ఆమె కునుకు తీసింది. కలలో తడిజుట్టుతో ఒక స్త్రీ కనిపించి, "నా బిడ్డల్ని పేరుపెట్టి పిలిచే ఇల్లు ఒక్కటీ లేదు. నేనెవరి కోసం రావాలి?" అని మాయమైంది.

మాళమ్మ లేచి కొండెక్కింది. పైన మిగిలిన ఒక్క పొదమీద బట్టీకూలి నడిపెన్న గొడ్డలి ఎత్తి ఉన్నాడు.

"ఏం కొడతాండావు నాయనా?"

"కంప కదక్కా."

"దానికి పేరు లేదా?"

"పేరుపెట్టి పిలిస్తే అదే నడిచొచ్చి బండెక్కుతాదా?" అని అతడు నవ్వాడు.

"అది కలివి. పోయినేడు నీ బిడ్డ మూతంతా నల్లగా చేసుకుని తినింది దీని పండ్లే."

నడిపెన్న గొడ్డలి దించాడు.

ఆమె మొద్దు మొద్దు దగ్గరా ఆగి పిలుస్తూ దిగింది. బలుసు, ఊడుగ, రేల, నల్లమద్ది. వెనకాలే నడిపెన్న ఆ పేర్లు పలికాడు. ఊట నోటి దగ్గర, బండ సందులో జానెడు మొక్క ఒకటి మిగిలింది. దాని పేరు మాళమ్మకు తోచలేదు. ఏదో ఒకటి అనేసినా నడిపెన్నకు తెలిసేది కాదు. ఆమె అబద్ధమాడలేదు.

"నీ పేరు పోగొట్టినాము తల్లీ, తెలీదు" అని నుదురు బండకు ఆనించింది.

కొండ లోపల, ఎంతో లోతున, ఎవరో గుక్క తిప్పుకున్నట్టు చప్పుడైంది. మొక్క వేరు తడిసింది. ఆ వెంటనే ధార. మాళమ్మ తల ఎత్తేలోపే గొర్రెలు మూతులు పెట్టేశాయి.

ఆ రాత్రికే ఆ పేర్లు పల్లెలో ఇంటింటికీ చేరాయి. మరునాడు బట్టీ బండ్లు ఖాళీగా తిరిగిపోయాయి. పేరు తెలిసిన చెట్టుమీద గొడ్డలి వేయడానికి పల్లెలో ఎవరికీ చెయ్యి రాలేదు.

నేడు కార్తెలు గతి తప్పాయి, చుట్టుపక్కల బోర్లు దుమ్ము కక్కుతున్నాయి. కోనలో మాత్రం నీడ ఉంది, నీరు ఉంది. మాళమ్మ వంశంవారే పూజారులు. పేరు తెలియనివారిని కసరరు, పలికించి నేర్పుతారు. ఫోనులో వెతికి చెబితే చెల్లదు. ఇక్కడ నేర్చిన పేరును ఇంట పిల్లలకు చెప్పినవారి చేను ఎండదని నమ్మకం.

బండ సందులోని మొక్క కోనంతా పాకింది. పేరు పెడతామని చాలామంది వచ్చారు, పూజారులు ఒప్పుకోలేదు. ఎంత చదువుకున్నవారైనా దాని ముందు తలవంచి "తెలీదు తల్లీ" అనాల్సిందే. ఆ తరువాతే దోసిట్లో నీళ్ళు పోస్తారు.