నారుమడి దాటిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆయన మీసాల ఒక కొసను తూర్పు బురుజు మీద, రెండో కొసను పడమటి బురుజు మీద ఆరేసేవాళ్లంటే నమ్మండి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి వేట చాలు, నడిపివాడికి విందు చాలు. చిన్నవాడు సుకేతుడికి మాత్రం ఒక్క ఘడియ దేవుడి మీద మనసు నిలిస్తే చాలు. అదే నిలవదు. కళ్లు మూసుకున్నాడో లేదో, వందిమాగధులు "ఆహా, ఏమి భక్తి!" అంటూ దండకం ఎత్తుకునేవాళ్లు.

ధూమకేశుడనే మాంత్రికుడి దీవిలో చడీచప్పుడూ లేని గుహ ఉందని విని, సుకేతుడు ఒక ముసలి తాబేలు వీపెక్కాడు. మొదటి సముద్రం భోజనానికి ముందు దాటాడు, మిగతా ఆరూ తిన్నది అరిగేలోపు.

ఆ దీవి ఒడ్డున చెంగల్వ అనే రైతుపిల్ల నారు పీకుతోంది. ఎక్కడికని అడిగింది. మనుషుల్లేని చోటికి, మనసు నిలిచి ఎదగడానికి అన్నాడు.

"నారుమడిలో ఇరుక్కుంటే పైరు ఎదగదు, నిజమే దొరా. అలాగని పీకి బండమీద పెడతామా?" అని నవ్వింది.

అతనికి అర్థం కాలేదు. గుహలో రాతిబొమ్మల మధ్య కూర్చున్నాడు. అంత నిశ్శబ్దంలోనూ ఒక గొంతు వినిపించింది, తనదే: "ఆహా, ఏమి నా భక్తి!" అలా అనుకున్నప్పుడల్లా ఒళ్లు కొంత రాయవుతోంది. పాదాలు పోయాయి, మోకాళ్లు పోయాయి, నడుము పోయింది. చుట్టూ ఉన్న బొమ్మలన్నీ అలా వచ్చినవాళ్లేనని అప్పుడు తెలిసింది.

పక్కనే పంజరంలో ఈకలూడిన చిలుక. తాబేలు గుమ్మంలోంచి చెప్పింది: "మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉంది బాబూ. మెడ నులుము."

సుకేతుడు చెయ్యి చాచాడు. చిలుక బెదురుగా చూసింది. పాపం, ఇదీ బండమీది నారే అనుకున్నాడు. ఆ క్షణం తన్ను తాను మరిచాడు, ఒళ్లు రాయవడం ఆగిపోయింది. పంజరం తలుపు తీశాడు.

చిలుక ఎగిరి జామతోపులో తన గుంపులో వాలి, ఒక దోరపండు కొరికింది. అక్కడ అది మింగేసరికి ఇక్కడ ధూమకేశుడి గుండె కరిగి కళ్లలో నీళ్లు తిరిగాయి, మాయ విడిపోయింది. సుకేతుడి కాళ్లు కదిలాయి, బొమ్మలన్నీ ఒళ్లు విరుచుకుని లేచాయి.

సుకేతుడు తిన్నగా పొలానికి వెళ్లాడు. చెంగల్వ నారుకట్ట చేతికిచ్చింది. బురదలో వంగి, పదిమందితో పాడుతూ నాటాడు. మనసు నిలిచిందని పొద్దుగూకాక గానీ తెలియలేదు.

చెంగల్వతో పెళ్లికి పందిరి ధూమకేశుడే వేశాడు. దాని నీడలో మూడు రాజ్యాలు భోంచేశాయి. వేటా విందూ చాలన్న అన్నలు రాజ్యం వదిలేస్తే, సుకేతుడూ చెంగల్వా చల్లగా చాలా కాలం ఏలారు. నాట్ల రోజుల్లో వందిమాగధులకూ నారుకట్టలే ఇచ్చేవాళ్లు. వాళ్లు మొదట గొణిగారు, తర్వాత పాట అందుకున్నారు. ఆ పాటలో రాజు పేరు ఎక్కడా లేదు.